రాగులు కూరిన తూటా

నేను ఒక ఇత్తడి తూటా గుల్లను. బొటనవేలికంటే కాస్త లావు, మధ్యవేలంత పొడుగు. నా అడుగున క్యాప్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. తుపాకి సూది దాన్ని పొడిస్తే నా కడుపులోని మందు అంటుకుంటుంది. మందు ముందున్న సీసపు గుళ్ళు గొట్టం దాటి దూసుకుపోతాయి. నేను మాత్రం ఎక్కడికీ పోను. వేడెక్కి, నల్లబడి, ఖాళీ అయి మళ్ళీ మనిషి చేతిలోకే వస్తాను. కాగితపు తూటాలు ఒక్కసారికే చిరిగి చెత్తలో పడతాయి. నన్ను కడిగి, కొత్త క్యాప్ పెట్టి, మళ్ళీ నింపుకోవచ్చు. అందుకే ఇన్ని చావులు చూడగలిగాను. చంపింది నేను కాదు, సీసం అని చెప్పుకోవచ్చు. కానీ ఆ మాట అనని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు కాబట్టి, నేను అనను.

నా పుట్టుకే దెబ్బలతో మొదలైంది. ఇత్తడి రేకును గుండ్రంగా కోసి, మరలో పెట్టి, గుద్ది గుద్ది గొట్టంగా సాగదీశారు. ఇరవై నలుగురిని ఒక అట్టపెట్టెలో సర్ది అమ్మారు. మమ్మల్ని మొదట కొన్నవాడు అడవిలో కలప కొట్టించే ఒక కంట్రాక్టరు. షికారు అతని సరదా. నా మొదటి దెబ్బ ఒక దుప్పికి తగిలింది. అది కూలబడి, ముందుకాళ్ళతో ఇరవై గజాలు పాకింది. దగ్గరికి వెళ్ళి చూస్తే చూలుతో ఉంది. కంట్రాక్టరు టోపీ తీసి "అయ్యో పాపం" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. మధ్యాహ్నం దాని మాంసంతోనే భోంచేసి, కాలేయం ఇంకాస్త వేయమని అడిగాడు.

అతను పోయాక ఆ ఒంటిగొట్టం తుపాకి, దానితోపాటు మేము, చిత్తూరు పడమటి కొండల కింద బోడిగుట్టపల్లెకు చేరాం. అక్కడి రైతు మునస్వామికి పంటకాపలా లైసెన్సు ఉండేది. వేరుశనగ చేలను అడవిపందులు దున్నిపోసే ఊరు అది. మునస్వామి మమ్మల్ని ఇంట్లోనే నింపేవాడు. ముసలితనంలో అతనికి చేతులు వణకడం మొదలైంది. మందు కింద ఒలికిపోయేది. కొడుకు రెడ్డెప్పకు ఓపిక లేదు. అందుకని ముసలాయన ఆ పనిని కోడలు బయమ్మకు నేర్పాడు.

బయమ్మ బడికి పోలేదు. కానీ ఉప్పు ఎంత వేయాలో చూపుతోనే తెలిసే చెయ్యి అది. కాల్చిన గుల్లల్ని చింతపండు నీళ్ళలో నానబెట్టి, బూడిదతో తోమి, ఎండలో బోర్లించేది. పేలినప్పుడు మేము కొద్దిగా ఉబ్బుతాం. అందుకని ఒక ఇనుప కడియంలోంచి ఒక్కొక్కరినీ దూర్చి చూసేది. క్యాపులు నొక్కే చిన్న ఇనుప యంత్రం రోటి పక్కన చెక్కకు బిగించి ఉండేది. దాని పిడికి తుప్పు పట్టనిచ్చేది కాదు, వారానికోసారి నూనె గుడ్డతో తుడిచేది. నింపేటప్పుడు పొయ్యి వెలగకూడదు, ఎవరూ పలకరించకూడదు. మూతి దగ్గర సన్నగా చీలిన గుల్ల కనబడితే పక్కన పారేసేది. ఒకసారి రెడ్డెప్ప దాన్ని ఏరుకొచ్చి, "ఇంకొక తూరికి వస్తుందిలేవే" అన్నాడు.

"వస్తాది. నీ మొగం మిందికి వస్తాది. పంది బతికి, నువ్వు పోతావు. తీస్కపో," అంది బయమ్మ.

మరి తీసుకుపోలేదు.

ఆమెకు ఇంకో రెండు కట్టుబాట్లు ఉండేవి. నిండిన తూటా ఇంట్లో నిలవ ఉండకూడదు, ఏ రోజుది ఆ రోజే కూరాలి. పిట్టలకు చిన్న గుళ్ళు కూరితే మూతి మీద పసుపు బొట్టు, పందికి పెద్ద గుళ్ళు కూరితే కుంకుమ బొట్టు. రెడ్డెప్ప బొట్టు రంగు చూసి తుపాకిలో పెట్టేవాడు. పదకొండేళ్ళలో ఒక్కసారైనా అరచేతిలో పెట్టి బరువు చూడలేదు. ఆమె కూరిందంటే కూరినట్టే. ఊళ్ళో మొగుడూ పెళ్ళాల మధ్య అంత నమ్మకం నేను మరో ఇంట్లో చూడలేదు. నేను చూసిన ఇళ్ళు తక్కువే అనుకోండి.

ఆ పదకొండేళ్ళూ నేను పందుల్ని చంపుతూనే ఉన్నాను. పొట్టలో తగిలిన పంది తొందరగా చావదు. పేగులు ముళ్ళకంపకు చుట్టుకున్నా లాక్కుంటూనే పరిగెత్తుతుంది. ఒక ఆడపందిని రెడ్డెప్ప దవడలో కొట్టాడు. కింది దవడ ఊడి వేలాడుతుంటే, అది తిరిగొచ్చి అతని కాలిని గుద్దింది. అతను తుపాకి మడమతో దాని తల పగిలేదాకా బాదాడు. ఇంటికొచ్చి ఆ మడమను నూనె గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. తుపాకిని బాగా చూసుకునేవాడు.

ఇక గొడవ సంగతి. రెడ్డెప్ప చేను పక్కనే బయమ్మ అన్న చెంగల్రాయుడి చేను. రెండింటికీ నడుమ ఒకటే బోరు, వంతుల నీళ్ళు. ఆ ఏడు ఎండలకు బోరు సగం పోసేది. రెడ్డెప్ప వేసిన టమోటా పూత మీద ఉంది. అతని వంతు రోజు చెంగల్రాయుడు గేటువాల్వు తన వైపు తిప్పుకున్నాడు. ఒకసారి కాదు, వరసగా మూడు వంతులు. టమోటా మొక్కలు తల వేలేశాయి.

నాలుగో వంతు రోజు పొద్దున పాలకేంద్రం దగ్గర బావాబావమరుదులు ఎదురుపడ్డారు. చీకటితోనే పందుల కాపలాకు పోయి నన్ను పేల్చి వస్తున్న రెడ్డెప్ప చొక్కా జేబులో నేనున్నాను. క్యాన్లు దించుతున్న పదిమంది అక్కడున్నారు.

"వాల్వు ముట్టుకుంటే ఈ తూరి మర్యాద ఉండదు బావా," అన్నాడు రెడ్డెప్ప.

"ఏం జేస్తావప్పా? కాలుస్తావా?" అన్నాడు చెంగల్రాయుడు క్యాను మూత తెరుస్తూ. "మందు కూరాలంటే మా చెల్లెలు కూరల్ల. గుండ్లు పెట్టాలంటే మా చెల్లెలు పెట్టల్ల. పాపం, బొట్టు గూడా ఆమే పెట్టి పంపిస్తాది. నువ్వు తుపాకి మోసే కూలోడివి. పొయ్యి, ఆమెనే పిల్చకరా, మాట్లాడుకుంటాం."

పదిమందీ నవ్వారు. ఒకడు పాలు ఒలకబోసుకుని మరీ నవ్వాడు. రెడ్డెప్ప ఇంటిదారి పట్టాడు. జేబులో ఉన్న నాకు అతని గుండె తుపాకి మడమలా తగిలింది. నీళ్ళ గొడవ అక్కడితో అయిపోయింది. తరువాత జరిగిందంతా ఆ నవ్వు గురించే.

ఇంటికొచ్చి నన్ను రోటి పక్కన పెట్టాడు.

"కుంకుమ బొట్టుది ఒకటి కూరు."

"పొద్దు ఇంత ఎక్కినాక పంది యాడిదయ్యా?"

"ఉండాది. రెండు కాళ్ళది."

బయమ్మకు అర్థమైంది. "అది మా అన్న గదయ్యా," అంది.

"అందుకే నిన్ను అడగతా ఉండా. నువ్వే కూరల్లంట గదా. కూర్తావా, నన్నే కూరుకోమంటావా?"

ఆమె కాసేపు అతని కాళ్ళకేసి చూసింది. పంది గుద్దిన చోట మచ్చ ఇంకా ఉంది. "పొయ్యార్పి వస్తా ఉండు," అని లోపలికి పోయింది.

నన్ను కడగలేదు, వేళ లేదు. కొత్త క్యాప్ నొక్కింది. ఎప్పటిలాగే మందు పోసింది. అది పోయకపోతే తుపాకి పేలదు, పేలకపోతే అతను తిరిగొస్తాడు, వచ్చి తానే కూరుకుంటాడు. పైన అట్టబిళ్ళ అణిచింది. సీసపు గుళ్ళున్న డబ్బా వైపు చెయ్యి పోయింది, ఆగింది. పక్కనున్న కుండలోంచి గుప్పెడు రాగులు తీసి నాలోకి దట్టించింది. పైన మైనం మెత్తగా పిసికి మూసి, కుంకుమ బొట్టు పెట్టింది. రోజూ సంగటి చేసే గింజ అది. పిల్లలకు అంబలి కాచి పోసే గింజ. అది మనిషిని ఏం చేస్తుంది? మొహాన పడితే బెదురుతాడు, ఈయన కోపం దిగుతుంది, ఇద్దరూ ఇళ్ళకు పోతారు. ఆమె అంతే అనుకుంది. మందు వెనకనుంచి తోస్తే ఏ గింజైనా సీసంలాగే పోతుందని, దగ్గరైతే మరీనని, ఇన్నేళ్ళు నన్ను నింపిన మనిషికి తోచలేదు. ఆమె నింపడమే చూసింది. తగలడం ఎప్పుడూ చూడలేదు.

రెడ్డెప్ప బొట్టు చూశాడు, నన్ను తుపాకిలో పెట్టుకున్నాడు.

బోరు దగ్గర చెంగల్రాయుడు వంగి వాల్వు తిప్పుతున్నాడు. ఇరవై ఆరేళ్ళ కొడుకు దామోదరం గట్టు మీద పచ్చిగడ్డి కోస్తున్నాడు. రెడ్డెప్ప అయిదారడుగుల దూరంలో నిలబడి, "బావా, కూలోడు వచ్చినాడు చూడు," అన్నాడు. చెంగల్రాయుడు తలెత్తాడు. పేలింది.

ఆ దూరంలో రాగులు విడిపోలేదు. ముద్దగా వెళ్ళి ఎడమ చెంపను చీల్చాయి. ఎడమ కన్ను పగిలి నీళ్ళతో కలిసి గడ్డం మీదికి జారింది. చెవి తమ్మె తెగిపోయింది. చెంగల్రాయుడు అరవను కూడా అరవకుండా బురదలో బోర్లా పడ్డాడు. పడ్డవాడి తల కింద నీళ్ళు ఎర్రబడ్డాయి.

రెడ్డెప్ప అలవాటు కొద్దీ గొట్టం కిందికి వంచి తుపాకి తెరిచాడు. నేను బయటికి ఎగిరి బురదలో పడ్డాను. అతను రెండో తూటా తెచ్చుకోలేదు. తండ్రి పడడం దామోదరం చూశాడు. "మామా!" అని ఒక్క కేక పెట్టి కొడవలితో వచ్చాడు. మొదటి వేటు తుపాకి పట్టుకున్న చేతి మీద. రెండు వేళ్ళు నా పక్కనే పడ్డాయి. రెండోది భుజం, మెడ కలిసే చోట దిగింది. కొడవలి ఎముకలో ఇరుక్కుంటే కాలితో తన్ని లాగాడు. మూడోది, నాలుగోది, తరువాతవి నేలకు వేసినట్టు వేశాడు. రక్తం వాల్వు మీద చిమ్మింది. నీళ్ళు దాన్ని కడుగుతూనే ఉన్నాయి, ఆ రోజు బోరు బాగా పోసింది.

అప్పుడు చెంగల్రాయుడు మూలిగి, మోచేతుల మీద లేచి కూర్చున్నాడు.

రెడ్డెప్పకు ఇంకా ప్రాణం ఉంది. చచ్చాడనుకున్న బావ లేవడం చూశాడు. "దీంట్లో ఏం కూరిందిరా నా పెండ్లాం?" అన్నాడు. దామోదరాన్నే అడిగాడు, అక్కడ అడగడానికి వేరెవరూ లేరు. ఆ తరువాత అతని నోట్లోంచి మాట రాలేదు, నురగ వచ్చింది.

దామోదరం తండ్రి మొహం తుండుగుడ్డతో అద్దాడు. గుడ్డకు రక్తంతోపాటు రాగులు అంటుకొచ్చాయి. వాటిని వేళ్ళతో నలిపి చూశాడు. కొడవలి అక్కడే వదిలేసి, ఆ గుడ్డ పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

పోలీసులు నన్ను బురదలోంచి ఏరి, పొట్లం కట్టి, నంబరు తగిలించారు. కోర్టులో నేను వస్తువు నంబరు మూడు. రెండేళ్ళ తరువాత సాక్ష్యం రోజు, వరండాలో బెంచీ మీద కానిస్టేబులు సంచిలో నేనుండగా, బయమ్మ పక్కన ఆమె అత్త మునెమ్మ కూర్చుంది.

"చెప్పింది గుర్తుండాది కదా," అంది ముసలమ్మ. "బెదరగొట్టేదానికి రాగులు కూరమని ఆయనే చెప్పినాడు అను. నా కొడుకు చంపేదానికి పోలేదు. ఉత్త రాగుల తుపాకోణ్ణి వాడు నరికినాడు. వాణ్ణి జన్మంతా లోపలేస్తారు. ఇంకో మాట మాట్లాడితివా, నా గడప తొక్కొద్దు."

ముసలమ్మ అడిగింది న్యాయమే అనిపించింది నాకు. అలా చెబితే రెడ్డెప్ప మంచివాడుగా మిగులుతాడు. బయమ్మకు ఇల్లు మిగులుతుంది. మేనల్లుడు ఒక్కడే పోతాడు. నిజం చెబితే, చచ్చిన మొగుడు పెళ్ళాం చేతిలో మోసపోయి చచ్చినవాడవుతాడు. పాలకేంద్రం దగ్గర నవ్వినవాళ్ళు ఇంకోసారి నవ్వుతారు.

బోనులో ఆమె చేతికి నన్నిచ్చారు. ప్రభుత్వ వకీలు అడిగాడు. "దీంట్లో ఏమి కూరమన్నాడమ్మా నీ భర్త?"

"పంది గుండ్లు కూరమన్నాడు సామీ."

వకీలు కాగితాల్లోంచి తలెత్తాడు. "నువ్వు కూరింది రాగులు కదా?"

"రాగులే. ఆయనకి తెలీదు. తెలిసింటే పొయ్యేవాడు కాదు. మా అన్నని చంపల్లనే పోయినాడు. నా కూరుడు నమ్మి పోయినాడు."

మునెమ్మ వెనకనుంచి శాపనార్థాలు మొదలుపెడితే బంట్రోతు బయటికి పంపాడు. జడ్జిగారు కళ్ళజోడు తీసి, తానే అడిగారు. "చంపడానికని తెలిసినప్పుడు అసలు కూరనని చెప్పలేకపోయావా?"

"నేను కూరనంటే ఆయనే కూరుకుంటాడు సామీ. నా అంత బాగా కూరలేడు. కానీ మనిషిని చంపేదానికి బాగా కూరే పన్లేదు కదా."

ఆ మాట గుమాస్తా రాసుకున్నాడు.

దామోదరానికి జన్మఖైదు పడలేదు. తండ్రిని చంపాడనుకున్న కోపంలో చేశాడని ఏడేళ్ళు వేశారు. తీర్పు రోజు కానిస్టేబులు నన్ను సంచిలో మోసుకుపోతుండగా, మెట్ల మీద చెంగల్రాయుడు ఒంటికన్నుతో చెల్లెలికి అడ్డం నిలబడ్డాడు. "రామ్మా, ఇంటికి పోదాం. నీకింక ఆ గడప లేదు. నా ఇల్లు ఉండాది."

"నీ ఇంట్లో నాకు ముద్ద దిగదన్నా," అంది బయమ్మ. "ఆయన చివర్న ఒక మాట అడిగినాడంట. నీ కొడుకే కోర్టులో చెప్పినాడు. దానికి నేను ఆయనకి జవాబు చెప్పలేదు."

"చచ్చినోడికి ఏం చెప్తావే?"

"అదే తెలీడంలేదు. నువ్వు బతికుండావు. సంగటి తిను, మందులేసుకో. నన్ను పిలవొద్దు."

ఆమె మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళింది. ఏ ఊరి బస్సెక్కిందో సంచిలో ఉన్న నాకు కనబడలేదు.

ఇప్పుడు కోర్టు సామాన్ల గదిలో ఒక అరలో ఉన్నాను. నా పక్కన కొడవలి. దాని మీద రక్తం ఎండి తుప్పుతో కలిసిపోయింది, ఏది ఏదో తెలియదు. అప్పీలు గడువు తీరాక మా ఇద్దరినీ సుత్తితో నలగ్గొట్టి పారేయమని ఉత్తర్వు. నాకు అభ్యంతరం లేదు. తుపాకిని మాత్రం నలగ్గొట్టరు. అది విలువైంది, గొట్టం ఇంకా నున్నగా ఉంది. దాన్ని నూనె రాసి, గుడ్డ చుట్టి, బీరువాలో వేరుగా పెట్టారు. బోడిగుట్టపల్లె నుంచే ఇద్దరు రైతులు దానికోసం అర్జీలు పెట్టుకున్నారని గుమాస్తా చెబుతున్నాడు. ఈ ఏడు పందులు ఎక్కువగా ఉన్నాయట.