ఆ పిల్లలంతే

తల దువ్వుతుంటే దువ్వెన నిండా జుట్టు వచ్చింది. కూతురు కిక్కురుమనలేదు. ఆర్నెల్ల క్రితం వరకూ దువ్వెన కనబడితే చాలు, తల్లిని ఇల్లంతా పరిగెత్తించేది. అందుకే అందరూ దాన్ని బొంగరం అనేవాళ్ళు. ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుని, స్వెటర్ వేసినా చలి అంటోంది. బయట చూస్తే ఎండ మండిపోతోంది.

ఎవరికి చెప్పినా ఒకటే పాట. "డౌన్ సిండ్రోమ్ పిల్లలంతేనమ్మా, మందకొడిగానే ఉంటారు" అంది టీచరు. "లావెక్కుతోంది, తిండి తగ్గించు" అంది అత్తగారు, నాలుగు ముద్దలు కూడా తినని పిల్లను చూసి. "ఉన్నది చాలదని కొత్త జబ్బు వెతుకుతావేంటి?" అన్నాడు మొగుడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. పిల్లకు ఒంట్లో బాగాలేదని తెలియాలంటే ముందు పిల్లను చూడాలి కదా! వీళ్ళు చూసేది డౌన్ సిండ్రోమ్‌నే. మలబద్ధకంతో ఏడుస్తుంటే పక్కన కూర్చునేదీ, గరుకెక్కిన చేతులకు నూనె రాసేదీ తనొక్కతే. అయినా ఆ ఇంట్లో ఆమె మాటకు పూచికపుల్ల విలువ కూడా లేదు. చివరికి స్కూలు గేటు దగ్గర ఇంకో తల్లి చెప్పింది, తన కూతురికి ఇలాగే ఉంటే థైరాయిడ్ అని తేలిందని. సెలవడిగితే, తను పనిచేసే కళ్ళద్దాల షాపు యజమాని "మళ్ళీ మీ పాపేనా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్ళు మండింది. జీతంలో కోసుకోమని చెప్పి వచ్చేసింది.

తీరా ఆస్పత్రికి బయల్దేరితే, పెద్దమనిషిలా మొగుడూ వెంట వచ్చాడు. డాక్టరు కూడా ఆమెను వదిలేసి అతన్నే అడిగాడు, సమస్యేమిటని.

"ఏం లేదు డాక్టరుగారూ. ఖాళీగా ఉంటే మా ఆవిడకి ఇలాంటివే తోస్తాయి. ఈ పిల్లలింతేనని మీరైనా చెప్పండి."

"అవును, సాధారణంగా..." అంటూ డాక్టరు పెన్నుకు మూత పెట్టబోయాడు.

ఖాళీగా! పాప ఆమె ఒళ్ళో తల వాల్చి, పట్టపగలు నిద్రపోతోంది.

"ఆ పిల్లల సంగతి నాకు తెలీదండీ. నా పిల్ల ఇలా ఉండేది కాదు. థైరాయిడ్ పరీక్ష రాయండి."

డాక్టరు అప్పుడు లేచి వచ్చాడు. పాప జుట్టూ చేతులూ చూశాడు, మెడ తడిమాడు.

"రాయాల్సిందే. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే ఈ పిల్లల్లో ఒక్కోసారి థైరాయిడ్ గ్రంథి మీద పడి దాన్ని దెబ్బతీస్తుంది. అదే అయితే మందుతో సర్దుకుంటుంది. ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఈమధ్యేనండీ, ఓ వారం పది రోజులు" అన్నాడు మొగుడు, అన్నీ తనే చూసుకుంటున్నట్టు.

ఆమె అతని వైపు తిరగలేదు.

"డాక్టరుగారూ, ముందు ఈయన్ని బయట కూర్చోమనండి. పాప గురించి నేను చెప్తాను."