రన్నింగ్‌లో ఉన్న బండి

“నలభై దాటనివ్వకు. వచ్చేటప్పుడు బంగాళాదుంపలు కూడా పట్రా” అన్నాడు భర్త, స్పానర్ల పెట్టెలోంచి తల ఎత్తకుండానే.

ఆమె కూరగాయల సంచీని హ్యాండిల్‌కి తగిలించి నీలం బండి కిక్ రాడ్ మీద కాలు వేసింది. రెండో కిక్కుకే ఇంజిన్ అందుకుంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ లేచి షెడ్డు గుమ్మాన్ని కమ్మేసింది. పెట్రోల్‌తో కలిసి కాలిన ఆయిలు వాసన అది. ఇరుగుపొరుగు వాళ్లు ఆ వాసనకు కిటికీలు మూసుకుంటారు. ఆమె మాత్రం గుండె నిండా పీల్చుకుంటుంది. ఆమె చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది మరి.

పాత టూస్ట్రోక్ బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకు తప్ప మిగతా లోకానికి ఈ నలభై గొడవ అర్థం కాదు. అరిగిపోయిన సిలిండర్‌ని బోరు చేయించి, అంటే లోపలివైపు నున్నగా చెక్కించి, కొత్త పిస్టన్ వేశాక, ఆ రెండూ ఒకదానికొకటి అలవాటు పడేదాకా బండిని బరువు పెట్టకుండా, మధ్యమధ్య ఆపి చల్లారనిస్తూ, నెమ్మదిగా నడపాలి. దాన్నే రన్నింగ్ అంటారు. ఓపిక లేక ఎక్సలేటర్ తిప్పేశారా, పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది. నెలల తరబడి ఊళ్లు తిరిగి సంపాదించిన సామాను క్షణంలో తుక్కవుతుంది. ఆమె భర్త మొదటి బండిని అలాగే పాడుచేశాడు. రెండోదాన్నీ అలాగే పాడుచేశాడు. స్నేహితులు చూస్తుండగా నలభైలో పోవడం ఏ మగాడివల్ల అవుతుంది? మూడో బండి తయారైనప్పుడు ఆమే నోరు తెరిచి, “నేను కూరగాయలకు తీసుకెళ్తాను, ఇవ్వండి” అంది. నెల తిరిగేసరికి ఇంజిన్ వెన్నలా తిరగసాగింది.

అంతే, ఆ పని ఆమె మెడకు చుట్టుకుంది. భర్త బండ్లే కాదు, పాత బండ్ల క్లబ్బులో ఎవరు బోరు చేయించినా బండి తిన్నగా వీళ్లింటికే వచ్చేది. “కొత్త ఇంజినంటే కొత్త కోడల్లాంటిదండీ, మెల్లగా దార్లోకి తేవాలి” అని క్లబ్బు ప్రెసిడెంటు ఎప్పుడొచ్చినా జోకు వేసేవాడు. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆమె టీ కప్పులు అందించి లోపలికి వెళ్లిపోయేది. బిర్రబిగిసి, మొండికేసి, రోడ్డు మధ్యలో ఆగిపోయే రోజులన్నీ ఆమెవి. మాట వినడం మొదలుపెట్టిందో లేదో, బండి తెచ్చినవాడితో వెళ్లిపోయేది. ఆ చుట్టుపక్కల ఆమె ఎక్కని పాత బండి లేదు. ఆమెది అని చెప్పుకోదగ్గ బండి ఒక్కటీ లేదు.

తమాషా ఏమిటంటే, అత్తగారు బతికున్న రోజుల్లో ఆమె బండి ముట్టుకోవడమే తప్పు. కాపురానికొచ్చిన కొత్తలో, తనకు బండి నడపడం వచ్చని చెబితే అత్తగారు వింతగా చూసి, “ఇంట్లో ఇంతమంది మగాళ్లుండగా నీకెందుకమ్మా ఆ అవస్థ. వెనకాల కూర్చో, పడిపోకుండా పట్టుకో” అంది. అదే అత్తగారు, రన్నింగ్ పేరుతో కోడలు సంచీ తగిలించుకుని బయల్దేరితే, “పోనీలే, కూరగాయలొస్తున్నాయి” అని ఊరుకుంది. పని కోసమైతే ఏం చేసినా ఎవరికీ అభ్యంతరం లేదని ఆమెకు అప్పుడే తెలిసింది. సరదా కోసం చేస్తేనే అందరి కళ్లూ పడతాయి.

నీలం బండి సంగతి వేరు. అది నాన్నది.

నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వెనక క్యారియర్ మీద మిషను తలకాయను తాళ్లతో కట్టుకుని, ముందు పెట్రోల్ ట్యాంకు మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని వీధులన్నీ తిరిగేవాడు. ట్యాంకు వెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనానికి నిద్రొచ్చేది. తలుపులు తీసిన ఆడవాళ్లు మిషను కంటే ముందు పిల్లని దించుకునేవాళ్లు. కాస్త పొడవు ఎదగ్గానే నాన్న ఖాళీ మైదానానికి తీసుకెళ్లి బండి చేతికిచ్చాడు. పక్కన పరిగెత్తలేదు, వెనక సీటు పట్టుకోలేదు. “భయమేస్తే క్లచ్ పట్టుకో, తల్లీ. బండి దాని మానాన అది ఆగుతుంది” అని చెప్పి గోడమీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం మైదానం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో ఆమెకే తెలీదు. ఇంటికొచ్చాక అమ్మ, “పెళ్లి కావాల్సిన పిల్లకి ఈ విద్యలేమిటండీ” అంటే, నాన్న చేతులు కడుక్కుంటూ, “ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే ఎవర్నీ అడక్కుండా వెళ్తుంది కదే” అన్నాడు. ఎక్కడికి వెళ్లాలన్నా అడగాల్సిన ఇంటికే ఇచ్చి చేశాడు పాపం, తెలీక.

నాన్న పోయాక బండి పుట్టింటి వెనక వరండాలో పిస్టన్ పట్టేసి, పాత డబ్బాల కింద ఉండిపోయింది. అన్నయ్య తుక్కుకి వేసేస్తానంటే భర్త వెళ్లి తెచ్చాడు. ఆమె ఎంత సంబరపడిందో. తెచ్చింది దాని సామాను కోసమని వారం తిరక్కుండానే తెలిసింది. కార్బురేటర్ ఒకరి బండికి పోయింది, క్లచ్ ప్లేట్లు ఇంకొకరికి. “అది నడిచే బండి కాదు కదా, ఉన్నవైనా ఎవరికో పనికొస్తాయి” అనేవాడు. ఆమె మాత్రం వేరే బండి విప్పినప్పుడల్లా, పనికొచ్చే ముక్క ఏదైనా మిగిలితే కిరసనాయిల్లో కడిగి, తుడిచి, నీలం బండి కోసమని పక్కన పెడుతూ వచ్చింది. అలా ఏళ్ల మీద బండి మళ్లీ కూడుకుంది. పిస్టన్ ఒక్కటే దొరకలేదు. ఆ సైజు తయారు చేయడం మానేసి చాలాకాలమైంది.

చివరికి అది ఒక పాత మెకానిక్ ఇంట్లో దొరికింది. మెకానిక్ పోయి చాన్నాళ్లయింది, భార్య ఒక్కతే ఉంటోంది. భర్తా, క్లబ్బువాళ్లూ విడివిడిగా వెళ్లి, ఏమీ లేదనిపించుకుని వచ్చారు. ఒక మధ్యాహ్నం ఆమె వెళ్లింది. పెద్దావిడ బఠాణీలు వలుస్తోంది. ఆమె కూడా ఎదురుగా కూర్చుని వలవడం మొదలుపెట్టింది. సామాను మాట ఎత్తలేదు. మీ ఆయన ఎలా పోయారు పిన్నిగారూ, అని అడిగింది. పెద్దావిడ చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ మధ్యలో నవ్వింది. బఠాణీలన్నీ అయిపోయాక లేచి, స్టూలు వేయించి, అటక మీదున్న పిండి డబ్బా దింపమంది. అందులో నూనె కాగితం చుట్టి, మచ్చ పడకుండా పిస్టన్ ఉంది, రింగులతో సహా.

“మరి వాళ్లకు లేదన్నారుట కదండీ.”

“ఏం చెప్పమంటావమ్మా. గుమ్మంలో నిలబడే అడుగుతారు, ఆంటీ సామానేమైనా ఉందా అని. మనిషి పోయిన ఇల్లు కదా అని ఒక్కడూ ఒక్క నిమిషం కూర్చోలేదు. లేదన్నాను. నువ్వు తీసుకెళ్లు.”

పిస్టన్ చూసి భర్త నిజంగానే పొంగిపోయాడు. చేతిలో అటూ ఇటూ తిప్పుతూ, “పోవోయ్, ఈ బండి ఇంక నీదే. పూర్తిగా నీది. ఎవరికీ ఇచ్చేది లేదు” అన్నాడు. అన్నప్పుడు అబద్ధం ఆడలేదు, అది ఆమెకు తెలుసు. ఆయన చెడ్డమనిషి కాడు. ఆ క్షణానికి ఏదనిపిస్తే అది మనస్ఫూర్తిగా అనేస్తాడు. తర్వాత అది మర్చిపోవడం కూడా మనస్ఫూర్తిగానే చేస్తాడు.

బండి మొదటిసారి స్టార్టయిన రోజు ఆమె ఆ పొగలో నిలబడి కళ్లు తుడుచుకుంది. పొగకు మండాయని చెప్పింది.

ఆ తర్వాత ప్రెసిడెంటు వచ్చాడు. ఆయన దగ్గర రెండు సిలిండర్ల బండి తాలూకు క్రాంక్ ఉంది, పెట్టె కూడా విప్పలేదు. ఆ బండి ఆమె భర్త కల. చాసీ ఉంది, ట్యాంకు ఉంది, ఇంజిన్ గుండెకాయ ఒక్కటే లేక షెడ్డు మూల ఏళ్లుగా దుప్పటి కప్పుకుని కూర్చుంది. ప్రెసిడెంటు నీలం బండి చుట్టూ తిరిగి, “దీన్ని నాకిచ్చేయ్. క్రాంక్ తీసుకో” అన్నాడు. భర్త గుటక మింగాడు. ఆమె టీ ట్రేతో గుమ్మంలోనే ఉంది. భర్త ఆమెవైపు ఒకసారి చూసి, “రన్నింగ్ అవ్వగానే పంపిస్తాను” అన్నాడు.

“వదినగారి చేతి రన్నింగంటే ఇంక చూసుకునేదేముంది, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు” అన్నాడు ప్రెసిడెంటు, టీ అందుకుంటూ.

రాత్రి అన్నం దగ్గర ఆమె ఆ ఊసెత్తితే, “నీకింకోటి చూద్దాంలే. బండ్లకేం కరువు మనకి” అన్నాడు భర్త. ఇంకోటి ఎక్కడ్నుంచి వస్తుంది? నాన్న కూర్చుని కూర్చుని ఒకపక్కకి అణిగిపోయిన సీటు ఇంకో బండికి ఉంటుందా? ఆమె పెరుగు గిన్నె ముందుకు జరిపింది.

కానీ ఒక ఉపాయం తోచింది. రన్నింగ్ అయిందో లేదో తేల్చేది ఆమే. ఇన్నేళ్లలో ఆ విషయంలో ఆమె మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. భర్త అడిగినప్పుడు, “ఇంకా కాలేదండీ, రింగులు సర్దుకోలేదు” అంది. ఆయన తలూపాడు. మళ్లీ అడిగితే, “ప్లగ్గు ఇంకా నల్లగానే వస్తోంది” అంది. ఆయన బయటికి వెళ్లగానే ప్లగ్గు విప్పి, ఇంజిన్ కుదురుకుందనడానికి గుర్తుగా చక్కటి బిస్కెట్ రంగులో ఉన్నదాన్ని చూసుకుని మళ్లీ బిగించేసింది. ప్రెసిడెంటు ఫోన్లు చేస్తున్నాడు. “తొందరపడితే పట్టేస్తుందట” అని భర్త ఆయనకు నచ్చజెబుతున్నాడు. ఆమెకు లోలోపల నవ్వొచ్చేది. పొద్దున్నే ఇంటిపని ముగించుకుని, ఏదో ఒకటి తేవాలని వంక పెట్టుకుని, నలభైలో నాన్నతో తిరిగినట్టే తిరిగేది. ఇల్లు ఉల్లిపాయలతో నిండిపోయింది. ఇలాగే ఎన్నాళ్లయినా గడిపేయొచ్చు అనుకుంది.

ఈ రోజు ఉదయం బంగాళాదుంపలు కొన్నాక ఇంటి దారి పట్టలేదు. గోదాములు దాటి, ఇళ్లు అయిపోయేచోట కొత్తగా వేసిన రోడ్డు మీదికి వచ్చింది. ఎవరూ లేరు. మణికట్టు తిప్పింది. బండి ఒక్క క్షణం తటపటాయించి, ఆ తర్వాత గొంతు మార్చి ముందుకు ఉరికింది. నలభై ఎప్పుడు దాటిందో చూడలేదు. సంచీ రెపరెపలాడింది. బంగాళాదుంప ఒకటి ఎగిరి రోడ్డున పడింది. ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీద ఉంచింది గానీ పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఇన్నేళ్లుగా ఇన్ని ఇంజిన్లను లొంగదీసింది, వాటిలో ఒక్కదాని పూర్తి గొంతూ ఆమె విని ఎరగదు. ఎంత హాయిగా ఉందంటే, గట్టిగా నవ్వేసింది.

రోడ్డు చివర బండి ఆపి, చల్లారడం కోసం పక్కన నిలబడింది. భర్త అడిగితే ఏం చెప్పాలో అలవాటుకొద్దీ నోటికొచ్చేసింది: ఇంకా కాలేదు. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. పెళ్లికి ముందు చేసిన టైపు ఉద్యోగానికి మళ్లీ వెళ్తానంటే, ఇంకా కాదు, పిల్ల బడికెళ్లనీ అన్నారు. పిల్ల బడికెళ్లింది, ఇంకా కాదు, అమ్మ ఆరోగ్యం కుదుటపడనీ అన్నారు. అత్తగారు పోయారు, పిల్ల పెద్దదై తన దారిన తను వెళ్లింది, ఇప్పుడు ఆ ఉద్యోగానికి వయసు లేదన్నారు. ఒక్కరూ వద్దని అనలేదు. ఇంకా కాదు అన్నారంతే. ఇప్పుడు అదే మాట తన బండి గురించి తనే చెబుతోంది. దొంగచాటుగా ఉల్లిపాయల చాటున నడుపుకుంటూ, గెలిచాననుకుంటోంది. ఆమెకు తన మీద తనకే కోపమొచ్చింది. ఇంజిన్ చల్లారాక ఇంటికి బయల్దేరింది.

ఇంటి ముందు ప్రెసిడెంటు కారు ఉంది. ఆయన ఓపిక నశించి క్రాంక్ వెంటబెట్టుకునే వచ్చాడు. భర్త దాన్ని గుడ్డలో చుట్టి పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ మొహం చూసి ఆమెకు జాలేసింది. నిజంగానే వేసింది. బండి స్టాండు వేసి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని లోపలికి వచ్చింది.

“ఇదిగో, వచ్చింది. ఏమోయ్, ఎంతవరకొచ్చింది రన్నింగ్?” అన్నాడు భర్త.

“అయిపోయింది” అంది ఆమె.

ఇద్దరి మొహాలూ విప్పారాయి. ప్రెసిడెంటు లేచి నిలబడి, తాళంచెవి కోసం చెయ్యి చాచాడు.

“అయిపోయి చాలా రోజులైంది. మీకు అబద్ధం చెప్పాను. ఇవాళ ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి చూశాను, చాలా బాగా పోతోంది.” తాళంచెవి ఉన్న చేతిని వెనక్కి తీసుకుంది. “నేనివ్వనండీ.”

ప్రెసిడెంటు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. భర్త ఒళ్లో ఉన్న క్రాంక్‌నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

“అదేంటి, నేను మాటిచ్చాను కదా. ఇప్పుడాయనకి ఏమని చెప్పను?” అన్నాడు, ప్రెసిడెంటుకు వినపడదన్నట్టు గొంతు తగ్గించి.

“ఉన్నదే చెప్పండి” అంది ఆమె. “నన్ను అడగలేదని చెప్పండి.”