లెర్వాల్ గీయని మనిషి

మునిలక్ష్మి మొగుడు నాగేంద్రప్రసాద్‌కు అబద్ధమాడటం చేతకాదు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. ఆమె వండిన పులుసులో ఉప్పు తక్కువైందని చుట్టాల ముందే చెప్పినవాడు, ఆమె వయసు అడిగినవాళ్లకు నెలలతో సహా లెక్క చెప్పినవాడు. కువైట్‌లో, సబ్హాన్ అనేచోట పటాలకు ఫ్రేములు కట్టే షాపులో పని. తన కొలత టేపుకు అందనిదేదీ లోకంలో లేదని అతని నమ్మకం.

ఆమె ఇంటిపని చేసేది అర్దియాలో ఒక మామా దగ్గర; అక్కడ ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఆ ఇంటి హాల్లో లెర్వాల్ అనే పాతకాలపు ఫ్రెంచి చిత్రకారుడి పటం ఉంది. ఒక నది, ఇవతలి ఒడ్డున పొడుగాటి చెట్లు, తెల్లవారుజాము మంచు. అంతే. మామా ఒకసారి తీరిగ్గా చెప్పింది. ఆయన ముప్పై ఏళ్లు అదే ఒడ్డున, అదే పీట మీద కూర్చుని అదే నదిని గీశాడట. ఎండ పొడ కనబడగానే కుంచె కడిగేసేవాడట. ఆయన పెళ్లాం ఒక పొద్దున పడవెక్కి అవతలి ఊరి సంతకు పోయి మళ్లీ రాలేదు. నీ బొమ్మల్లో మనుషులెందుకుండరని ఎవరైనా అడిగితే, "వచ్చాక గీస్తాను" అనేవాడట.

దుమ్ముగాలి వచ్చిపోయిన మర్నాడు మునిలక్ష్మి ఈకల బ్రష్షుతో ఆ పటం దులుపుతుంటే, అవతలి ఒడ్డున నువ్వుగింజంత చుక్క కనబడింది. ఈగ పనే అనుకుంది. మూడోనాటికి ఆ చుక్క కింద పడవ వచ్చింది. వారం తిరిగేసరికి పడవ నది నడుమకు చేరింది. అందులో ఒక ఆడమనిషి, ఇటే చూస్తూ కూర్చుని ఉంది. అప్పటినుంచి మునిలక్ష్మి హాల్లో ఆ పటానికి వీపు తిప్పకుండా ఊడవడం నేర్చుకుంది.

చివరికి మామా కూడా చూసింది. తడిగుడ్డ పెట్టి పైరంగు పోగొట్టావు, కిందున్న బొమ్మ బయటపడింది అంది. ఫ్రేము కట్టినవాడికే పటం పంపుతాను, నీళ్లు తగిలాయని అతనంటే నీ ఇఖామా ఖలాస్, ఇక్కడుండే అనుమతి రద్దు, ఇంటికి టికెట్టు అంది. ఫ్రేము కట్టింది నాగేంద్రప్రసాదే. మొగుడు ఇంకెవడైనా అయ్యుంటే మునిలక్ష్మి గుండె మీద చెయ్యేసుకుని ఉండేది.

సాయంత్రం మొగుడికి ఫోన్ చేసింది.

"నువ్వు తడిగుడ్డే పెట్టింటావు మే. ఇంట్లో టీవీని గూడా నీళ్లతోనే తుడుస్తావు గదా," అన్నాడు.

"టీవీ వేరే, ఇది వేరే! ఆ పడవ దగ్గిరికొస్తాంది. నా కండ్లతో చూసినా."

"బొమ్మలు కదుల్తాయా యాడన్నా? ఉండేది ఉన్నట్టు చెప్తా. పెండ్లామని అబద్ధం చెప్పలేను."

"చెప్పలేవని నాకు తెలీదా నాయనా. అదే గదా నా ఖర్మ."

పటం షాపుకు చేరిన మూడోరోజు పొద్దున మామా ఆమెను కారెక్కించుకుని సబ్హాన్ వెళ్లింది. నాగేంద్రప్రసాద్ షాపు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మనలేదు. రంపపు పొట్టు వాసన రావలసిన చోట ఏటి బురద వాసన వస్తోంది.

ఫోన్ తీసి చూపించాడు. వచ్చిన ప్రతి పటాన్నీ పక్కన టేపు పెట్టి ఫోటో తీయడం అతని అలవాటు. రేపు గిరాకీ గొడవకొస్తే చూపడానికి. రెండేళ్ల కిందట, ఫ్రేము కట్టినప్పటి ఫోటోలో నది ఖాళీగా ఉంది. మొన్నటి దాంట్లో పడవ నడినీళ్లలో ఉంది. నిన్న షాపు మూసేముందు తీసిన దాంట్లో ఇవతలి ఒడ్డుకు జానెడు దూరంలో ఉంది.

మామా గడప దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసింది. బల్ల మీద పటం. పడవ ఇవతలి ఒడ్డున చెట్టుకు కట్టేసి ఉంది. అందులో ఎవరూ లేరు. బల్ల దగ్గరినుంచి గడప దాకా, రంపపు పొట్టు మీద తడి పాదాల గుర్తులు. చిన్న పాదాలు. గడప దాటి ఇసుకలోకి కూడా వెళ్లాయి. అంత ఎండకూ ఆరలేదు.

మునిలక్ష్మి తనకు తెలియకుండానే పక్కకు తప్పుకుని దారిచ్చింది.

పటానికి తడిగుడ్డ తగల్లేదని నాగేంద్రప్రసాద్ మామాతో తనకొచ్చిన అరబ్బీలో చెప్పాడు. మామా మునిలక్ష్మి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరువాత అతను పెళ్లాం వైపు తిరిగాడు. అబద్ధం రాని మనిషి కదా, గొంతు వణుకును కూడా దాచుకోలేదు.

"తప్పు నాదే మే. నీళ్లు తెచ్చింది నువ్వు గాదు."