పదమూడో బంతి

ఆ ఇంట్లో హాలు ఊడ్చాలంటే, బంతి పైకి లేచినప్పుడే దాని కిందనుంచి చీపురు లాగెయ్యాలి. అమ్మకి పదకొండేళ్ళుగా అదే అలవాటు. భోజనాల బల్ల మీద వల కట్టుకుని కొడుకుతో టేబుల్ టెన్నిస్ ఆడుతూ, ఆమె భర్త ఒక బంతి కొట్టి అలాగే ఒరిగి ప్రాణం వదిలాడు. కొడుకు బ్యాటు పారేసి తండ్రిని పట్టుకున్నాడు. ఎవరూ తిప్పికొట్టని ఆ బంతి అప్పట్నుంచీ హాల్లో టక్కు టక్కుమని ఎగురుతూనే ఉంది. పక్కింటావిడ వస్తే కాస్త జరిగి కూర్చుంటుంది, అంతే.

కొడుకు వెల్డరు, నలభై మూడేళ్ళవాడు. ఆటలో అందరూ అతన్ని గోడ అంటారు. గట్టిగా కొట్టడం రాదు గానీ, ఏది వచ్చినా వెనక్కి పంపుతాడు. అంతర్జాతీయ పురుషుల జట్ల పోటీకి బయల్దేరే ముందు అసోసియేషన్ సెక్రటరీ ఇంటికే వచ్చాడు.

"మీవాడు గౌరవంగా తప్పుకుంటే బావుంటుందమ్మా. మా మేనల్లుడు కుర్రాడు, దంచి కొడతాడు."

"మావాణ్ణి బల్ల దగ్గర ఓడించమనండి, తప్పుకుంటాడు" అంది అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ. "గుమ్మంలో ఓడించడం కుదరదు."

"సరే. ఒక్క మ్యాచ్ ఓడినా ఇదే ఆఖరు" అని సెక్రటరీ చెప్పులు వేసుకున్నాడు. కుర్రాళ్ళ కొలతలతో ఇచ్చిన జెర్సీని ఆమె పంతం కొద్దీ రెండు పక్కలా విప్పి వెడల్పు చేసింది.

ఫైనల్లో జట్లు చెరో రెండు మ్యాచ్‌లు గెలిచాయి. ఐదోది గోడ చేతిలో పడింది. అవతలివాడికి ఇరవై ఏళ్ళు. ఆట ఎంతకీ తెగకపోయేసరికి అంపైరు ఆట త్వరగా తేల్చే నిబంధన అమల్లో పెట్టాడు: సర్వీసు అందుకున్నవాడు పదమూడుసార్లు తిప్పి పంపితే పాయింటు వాడిదే. ఆఖరి గేములో గోడకి పది, అవతల తొమ్మిది. సర్వీసు కుర్రాడిది.

ఇంట్లో అమ్మ చూస్తున్న టీవీలో ఒకాయన గోడ తిప్పిపంపినవి గట్టిగా లెక్కపెడుతున్నాడు. హాల్లో బంతి కూడా అదే లెక్కకి ఎగురుతోందని అమ్మ గమనించింది. పది. పదకొండు. పన్నెండు. గోడ మోకాలు మడతపడింది. నేల మీద బోర్లా పడ్డాడు.

అమ్మ ఒళ్ళోని బట్ట పక్కన పడేసి లేచింది. జన్మలో బ్యాటు పట్టని మనిషి, మేకుకి వేలాడుతున్న భర్త బ్యాటు లాగింది.

"వాడు పడ్డాడండీ. మీ బంతి నేను తీసుకుంటాను" అని చాచి కొట్టింది.

టీవీలో పడ్డవాడి చెయ్యి నేలమీదనుంచే లేచింది. అక్కడి బంతి పైకప్పుదాకా పోయి, దిగి, బల్ల అవతలి అంచున పడింది.

"పదమూడు" అన్నాడు లెక్కపెట్టే ఆయన.

సెక్రటరీ ఫోన్ చేశాడు. "అభినందనలమ్మా! ఇలా గెలిచి తప్పుకుంటే ఇంకా గౌరవం..." ఆమె పెట్టేసింది. వెంటనే కొడుకు చేశాడు.

"అమ్మా, బంతి చప్పుడు వినపడట్లేదేంటి?"

"తిప్పికొట్టేశాన్రా."

అవతల చాలాసేపు ఏడుపు. అమ్మకీ ఆగలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని సోఫా కింద, అలమరా వెనక వెతికింది. బంతి ఎక్కడా లేదు.

"మరి నాన్న?" అన్నాడు.

"ఇప్పుడు ఆయన వంతు. నువ్వు తొందరగా రా, వచ్చే ఏడాదికి ఆ జెర్సీ ఇంకాస్త వెడల్పు చెయ్యాలి."