ఎర్ర అంకె

ఆఫీసులో ఆమెకు పెట్టిన పేరు పాతాళగరిగె. బావిలో పడ్డ చేదను పైకి లాగే ఇనుప కొక్కేల గుత్తిని అలాగే అంటారు కదా, ఎంత అడుగున పడున్న అంకెనైనా పట్టుకొస్తుందని ఆ పేరు. వెక్కిరింపుగా మొదలై బిరుదుగా స్థిరపడింది. పదకొండేళ్ళుగా ఆమె పని ఒక్కటే. ఏ సరుకు ఎంత అమ్ముడవుతోందో, ఏటేటా పెరుగుతోందో తరుగుతోందో వెతికి పట్టికల్లో నింపడం. ఆమె వంతుకు వచ్చినవి శుభ్రం చేసే సరుకులు: నేల తుడిచే ద్రావకాలు, అద్దాల స్ప్రేలు, కారు షాంపూలు, టైర్లు నిగనిగలాడించే నూనెలు, కారు ఒంటికి పూసే పాలిష్‌లు. లోకాన్ని తుడిచే సరుకుల లెక్కంతా ఆమె దగ్గరుంది. ఆమె బల్ల మీద మాత్రం వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము.

ఆ సోమవారం మేనేజరు ఒక కాగితం తెచ్చి ఆ దుమ్ములో పెట్టాడు. ఈ మేనేజరు కేకలు వేసే రకం కాదు. కేకలు వేసేవాడితో ఎలాగోలా వేగొచ్చు, మెత్తగా మాట్లాడేవాడి దగ్గరే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

"ఒక పెద్ద కంపెనీవాళ్ళు అడుగుతున్నారు తల్లీ. కార్లకి పూసే డబ్బా మైనం ఇంకా ఎవరైనా కొంటున్నారా లేదా అని. గిరాకీ ఉంటే ఒక చిన్న కార్ఖానా చేత ఐదేళ్ళు చేయించుకుంటారట. పడిపోయే సరుకైతే ఆ కార్ఖానా గడప కూడా తొక్కరట. శుక్రవారానికి ఒక్క పేజీ రాసిచ్చెయ్."

ఆ చిన్న కార్ఖానా ఎవరిదో మేనేజరుకు తెలియదు. ఆమెకు తెలుసు. అది ఆమె సొంత అక్కది. వారం కిందటే అక్క ఫోను చేసి గంటసేపు చెప్పింది. "కంపెనీవాళ్ళు వచ్చి గంగాళం చూశారే, పొయ్యి చూశారే, మా ఆడవాళ్ళ గోళ్ళు కూడా చూశారు! అంతా బాగుందన్నారు. ఇక మార్కెట్ లెక్క ఒక్కటి రావాలట. అది బాగుంటే గట్టెక్కినట్టే. లేదంటే ఈ ఏడాదితో తాళం వెయ్యడమే."

సొంతవాళ్ళ వ్యవహారమైతే ముందే చెప్పి తప్పుకోవాలని ఆఫీసు నియమం. పాతాళగరిగె చెప్పలేదు. తన చేతిలో ఉంటే అక్కకు మంచే జరుగుతుందని అనుకుంది. అనుకోవడానికేం, అందరం అనుకుంటాం.

వాళ్ళ వృత్తిలో ఒక పద్ధతి ఉంది. ఒకచోట కనబడ్డ అంకెను నమ్మరు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల అదే అంకె కనబడితే, అది నిజం. ఆమె వెతికింది. వ్యాపారుల సంఘంవారి వార్షిక పుస్తకంలో దొరికింది: డబ్బా మైనం అమ్మకాలు ఏటా పన్నెండు పాయింటు నాలుగు శాతం పడిపోతున్నాయి. కార్ల సరుకుల పత్రికలో దొరికింది: పన్నెండు పాయింటు నాలుగు. రెండు ఆధారాలు, ఒకే మాట. పని అరగంటలో అయిపోయింది, అక్క కథ కూడా.

కానీ చివరి నాలుగు దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. ఆ నాలుగును ఎక్కడో చూసింది. పత్రిక సంపాదకుడికి ఫోను చేసింది.

"ఆ అంకె మీకెక్కడిదండీ?"

"భలేవారే! మీ ఆఫీసు పుస్తకంలోదే కదండీ. ఆరేళ్ళ కిందటిది, ఎనభై ఎనిమిదో పేజీ. సంఘంవాళ్ళు మా పత్రికలోంచి తీసుకున్నారు. మీ అంకె మీరే మర్చిపోతే ఎలా?"

ఆమె అలమరాలోంచి ఆ పుస్తకం తీసి ఎనభై ఎనిమిదో పేజీ తిప్పింది. ఆ గడి నింపింది తనే.

ఆరేళ్ళ కిందటి మాట. పుస్తకం అచ్చుకు వెళ్ళే రోజు. నలభై పట్టికల్లో ఒకే ఒక్క గడి ఖాళీగా మిగిలింది, డబ్బా మైనానిది. ఖాళీ గడి ఉన్న పుస్తకాన్ని ఎవరూ కొనరు. అందుకని దొరకని చోట ఉజ్జాయింపుగా ఒక అంకెను ఎర్ర రంగులో పెట్టడం ఆఫీసులో అందరికీ అలవాటు. ఎర్ర అంకె అంటే ఊహ, తరువాత సరిచూసి నల్లగా మార్చాలి. మొత్తం లెక్క కుదరాలంటే ఏదో ఒకటి తగ్గాలి కాబట్టి ఆమె పన్నెండు తగ్గించింది. గుండ్రటి అంకెను చూస్తే ఎవరికైనా అనుమానమే. వెనక ఒక నాలుగు తగిలించాక అదే అంకె పెద్దమనిషిలా కనబడింది.

డబ్బా మైనం ఎంత పోతుందో ఆమెకు తెలిసినవాళ్ళందరిలోకీ బాగా తెలిసిన మనిషి ఆమె అక్కే. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. కానీ అక్క ఫోను పట్టుకుంటే గంటకు తక్కువ వదలదు, అవతల ప్రెస్సు మనిషి గుమ్మంలో నిలబడి గడియారం చూస్తున్నాడు. రేపు చేద్దాంలే అనుకుంది. పుస్తకం నల్ల సిరాతో అచ్చయింది. నల్ల సిరాలో ఎరుపు ఎక్కడుంటుంది? ఊహ కాస్తా నిజంతో కలిసి ఒకే వరుసలో కూర్చుంది. ఆ తరువాత ఏటేటా వాళ్ళ ఆఫీసే సంఘం పుస్తకం చూసి అదే అంకె దింపుకుంటూ వచ్చింది. అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు కాదంటారు. కన్నతల్లి గుర్తుపట్టలేనంతగా ఎదిగి, తల్లి ఎదుటే సాక్ష్యం చెప్పడానికి వచ్చింది ఆ అంకె.

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది, కానీ కూర్చుని ఏడవలేదు, అంతవరకు మెచ్చుకోవాలి. అంకె తప్పని రుజువు చేద్దామని వీధుల వెంట బయల్దేరింది. రెండు రోజుల్లో కారు సామాన్ల దుకాణాలు ఇరవై రెండు తిరిగింది. లెక్క ఇంకా ఘోరంగా తేలింది. ఆరేళ్ళ కిందట మూడు డబ్బాలు పోయిన చోట ఇప్పుడు ఒకటి పోతోంది.

"డబ్బా మైనమా? ఎక్కడుందమ్మా!" అన్నాడు ఒక దుకాణదారు, చెవిలో పెన్సిలు పెట్టి తిప్పుకుంటూ. "డీలరు తేవడం మానేశాడు. పడిపోయే సరుకని పుస్తకంలో వేశారటగా."

"మరి అడిగేవాళ్ళు లేరా?"

"ఎందుకు లేరు, రోజూ అడుగుతారు. టాక్సీవాళ్ళకైతే అదే కావాలి, వానొచ్చినా పోదు. లేదంటే రెండు తిట్లు తిట్టి ఈ పాలిష్ సీసా పట్టుకుపోతారు."

ఇరవై రెండు దుకాణాల్లో పదిహేడింట అదే మాట. కొనేవాళ్ళున్నారు, సరుకే లేదు. కొన్నవాళ్ళకే పట్టికలో చోటు. అడిగి, లేదనిపించుకుని వెళ్ళినవాళ్ళకు ఏ పట్టికలోనూ గడి లేదు. ఆమె ఎర్రగా రాసిన అబద్ధం దుకాణం దుకాణం తిరిగి, తనను తాను నిజం చేసుకుంది.

గురువారం పొద్దున ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళి అంతా చెప్పేసింది. ఎర్ర అంకె, దుకాణాలు, చివరికి అక్క సంగతి కూడా. మేనేజరు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడుచుకున్నాడు.

"అయితే మన లెక్క ప్రకారం ఆరేళ్ళలో సగం పైచిలుకు పడాలి. నువ్వు తిరిగి చూస్తే మూడింట రెండొంతులు పడింది. అంటే మనం దయగానే రాశామన్నమాట."

"మనం రాయబట్టే పడింది సార్. అడిగేవాళ్ళు రోజూ అడుగుతున్నారు. ఈ పేజీలో ఆ మాట రాస్తాను."

"రాయి తల్లీ, వద్దన్నానా? కింద ఇంకో రెండు ముక్కలు కూడా రాయి. ఆరేళ్ళుగా ఈ అంకె తప్పు, ఆ తప్పు నాదే, పైగా ఆ కార్ఖానా మా అక్కది అని. సంతకం పెట్టు. పెట్టాక బల్ల ఖాళీ చేసుకో. దుమ్ము నువ్వే తుడిచి వెళ్ళు, ఆ సరుకుల గురించి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?" కళ్ళజోడు పెట్టుకుని చిరునవ్వు నవ్వాడు. "వద్దనుకుంటే రెండు ఆధారాలున్నాయిగా, ఉన్నదే రాసిచ్చెయ్. రేపటిదాకా టైముంది."

ఆ మధ్యాహ్నమే ఆమె బస్సెక్కి అక్క దగ్గరికి బయల్దేరింది. దారి పొడుగునా మనసు గట్టి చేసుకుంది. నిజం చెప్పేస్తాను, సంతకం పెట్టేస్తాను, ఉద్యోగం పోతే పోయింది, అక్క గంగాళం దగ్గరే నిలబడి మైనం కలుపుతాను అనుకుంది. బస్సులో ఉన్నంతసేపూ ఎవరికైనా ధైర్యం బాగానే ఉంటుంది.

కార్ఖానా అంటే రేకుల కప్పు వేసిన ఒక పొడవాటి గది. వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టిన గంగాళంలో మైనం కరుగుతోంది. అవతలి చివర, మంటకు దూరంగా, అందులో టర్పెంటైన్ కలిపి డబ్బాల్లో పోస్తున్నారు. ఒకప్పుడు ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు నిలబడిన బల్ల దగ్గర ఇప్పుడు ఆరుగురున్నారు. అక్క చెల్లెల్ని చూడగానే చేతులు గుడ్డకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"నువ్వొస్తావని నాకు తెలుసే! లెక్క మీ ఆఫీసుకే వచ్చిందని కంపెనీవాళ్ళు చెప్పారు. ఉండు, ముందు నీకొకటి చూపించాలి."

పక్క గదిలోకి లాక్కెళ్ళి, బీరువా తెరిచి ఒక పుస్తకం తీసింది. వ్యాపారుల సంఘంవారి వార్షిక పుస్తకం, నాలుగేళ్ళ కిందటిది. ఒక పేజీలో ఒక వాక్యం కింద రెండుసార్లు గీత గీసి ఉంది.

"వ్యాపారం బాగాలేక మనుషుల్ని తీసేశానని అప్పుడు నీతో అన్నాను కదా? అబద్ధమే. అప్పటికి వ్యాపారం బాగానే ఉంది. ఇది చదివి తీసేశాను. అంకె పుట్టింది మీ ఆఫీసులోనని పత్రికలో చూశాను. మా చెల్లి ఉన్న చోట అబద్ధం రాయరు, మునిగేదాకా ఆగడమెందుకు అనుకున్నాను. ఒక్క నెలలో పాతికమందిని పంపేశాను. పెద్ద గంగాళం తెగనమ్మేశాను."

చెల్లెలు నోట్లో సిద్ధంగా పెట్టుకొచ్చిన మాట కాస్తా గొంతులోకి జారిపోయింది.

"మూతలామె గుర్తుందా నీకు?" అంది అక్క. గుర్తు లేకేం. డబ్బాలో పోసిన మైనం గడ్డకట్టిందో లేదో వేలి కొసతో తాకి, సరిగ్గా అదునుకు మూత పెట్టేది ఆవిడే. కార్ఖానా పెట్టిన మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి. "ఇప్పుడు వీధి చివర కార్లు కడుగుతోంది. ఆ మందు నీళ్ళకి వేళ్ళన్నీ ఒలిచేసినట్టయిపోయాయి. పోయిన నెల ఎదురుపడితే నన్ను నిలబెట్టి అడిగింది, 'నిజంగా సరుకు పోవట్లేదనే తీసేశావా అమ్మా, నన్ను వదిలించుకోవడానికి ఆ మాట చెప్పావా' అని. నాకు ఆ రోజు నుంచీ అన్నం సహించట్లేదు. ఈమధ్య దుకాణాలవాళ్ళు కూడా సరుకేదీ, సరుకేదీ అంటున్నారు. అందుకే అడుగుతున్నాను. ఆ అంకె నిజమేగా? నీ నోటితో ఒక్కసారి చెప్పవే. తప్పయితే మాత్రం పాతికమంది ఉసురు నాకు తగిలినట్టే."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది.

"నిజమే అక్కా. లెక్క సరైనదే" అంది.

అక్క మనసు కష్టపెట్టకూడదని అలా చెప్పానని ఆ తరువాత ఆమె తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. మనం నమ్మక్కర్లేదు. అక్క మనసు గురించి అంత బెంగ ఉన్న మనిషి ఆరేళ్ళ కిందటే ఒక గంట ఫోను పట్టుకునేది. ఆ క్షణాన ఆమె కళ్ళ ముందు కనబడింది తన బల్ల, తన కుర్చీ, తనకున్న పేరు. దాని కోసం చెప్పింది. చెప్పాక హాయిగా కూడా అనిపించింది, అది ఇంకా పాపం.

అక్క కుర్చీలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. కళ్ళు తుడుచుకుని లేచి, గుమ్మంలో నిలబడి గట్టిగా కేకేసింది.

"పొయ్యి ఆర్పేయండమ్మా. ఇక చాలు."

"కంపెనీవాళ్ళ కబురు రేపు కదమ్మా?" అంది ఒకామె, గరిటె పట్టుకుని.

"రేపటిదాకా ఎందుకు? మా చెల్లే చెప్పింది. పోయే సరుకు కాదు."

"మరి మేమెక్కడికి పోవాలమ్మా?"

"పాతికమంది ఎక్కడికి పోయారో అక్కడికే. నన్నేం చెయ్యమంటారు? ఇందులో నా తప్పేమీ లేదు." ఆ మాట అంటున్నప్పుడు అక్క మొహం తేటగా ఉంది. నాలుగేళ్ళ బరువు దించుకున్న మనిషికి ఎదుటివాళ్ళ నెత్తిన ఏం పడుతోందో కనబడదు. ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, పొయ్యి కింద మంట తీసేశారు.

బస్సుకు వేళయిందని చెల్లెలు లేచింది. అక్క గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎలాగూ ఆ దారినే పోతావు కదా, మూతలామెకి నువ్వే చెప్పి వెళ్ళు. నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్తే నమ్ముతుంది."

కార్లు కడిగే చోట నేలంతా నురుగు. మూతలామె ఒక కారు చక్రం ముందు గొంతుక్కూర్చుని బ్రష్షుతో రుద్దుతోంది. చెల్లెల్ని గుర్తుపట్టి లేచి నిలబడింది, చేతులు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. చెల్లెలు చెప్పాల్సింది చెప్పింది. సరుకు నిజంగానే పోవడం లేదని, తాను స్వయంగా వెతికి చూశానని, ఇవాళ అక్క పొయ్యి కూడా ఆర్పేసిందని.

మూతలామె మొహం విచ్చుకుంది.

"అయితే అమ్మ నన్ను మోసం చెయ్యలేదన్నమాట! నాలుగేళ్ళుగా లోపల్లోపల ఎంత తిట్టుకున్నానో తల్లీ. నువ్వొచ్చి చెప్పావు, చల్లగా ఉండు" అని, మళ్ళీ కూర్చుని చేతులు ఆ మందు నీళ్ళలో పెట్టింది.