అప్పలసూరి అరుగు

గజపతినగరం సంత వెనకున్న మిషను వీధిలో వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ముప్పయ్యేళ్లుగా అంతే. ఆ నీళ్లు ఇంకడానికి నాలుగు రోజులు పడుతుంది, దోమలు పోవడానికి నెల పడుతుంది.

మెర్సీ ఆ వీధిలోనే పుట్టింది, అక్కడే బట్టలు కుట్టి బతుకుతోంది. కిందటేడు ఆమె కూతురికి డెంగీ వచ్చి చావు దాకా వెళ్లొచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మర్నాడే మెర్సీ ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. ఎవరినీ ఏమీ చెయ్యమనలేదు. ఈ వీధిలో మీకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నదేమిటని మాత్రం అడిగింది. అందరూ నీళ్ల సంగతే చెప్పారు. పంచాయతీకి పెట్టుకున్న అర్జీల సంగతీ చెప్పారు.

చివరింట్లో ఉండే సంగీతం టీచరు జ్ఞానాంబగారికి ఎనభై దాటాయి. ఆవిడ ఇంకో మాట చెప్పింది. తాను కాపురానికొచ్చిన కొత్తలో వీధికి ఎడమవైపు రాతికాలువ ఉండేదట. నీళ్లన్నీ దాన్లోంచి పొలాల్లోకి పోయేవట.

ఆ కాలువను వెతుకుదామని, ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ చర్చి వరండాలోకి రమ్మంది మెర్సీ. నలుగురే వచ్చారు. వాళ్లలో తాపీమేస్త్రీ అప్పలసూరి ఒకడు. తను ముప్పయ్యేళ్లుగా ఇక్కడ పని చేస్తున్నాననీ, ఏ కాలువా చూడలేదనీ అన్నాడు. అయినా గునపం పట్టుకుని వచ్చాడు.

జ్ఞానాంబగారు కర్రతో చూపించిన చోట తవ్వారు. రెండడుగులు దిగేసరికి గునపం రాతికి తగిలి ఖంగుమంది. మట్టి తీస్తే నున్నగా చెక్కిన రాళ్లు, ఒకదాని పక్కన ఒకటి. అప్పలసూరి గోతిలోకి దిగి తాపీ మొన రాళ్ల మధ్యన పెట్టి చూశాడు. అది దూరలేదు. అతను చాలాసేపు ఆ రాళ్ల మీంచి చెయ్యి తీయలేదు.

"సున్నం లేదు, సిమెంటు లేదు. ఏ మేస్త్రీ కట్టినాడో గానీ, ఇలాటి పని నాను సెయ్యలేను" అన్నాడు మెల్లిగా.

ఆ మాట వీధంతా పాకింది. మరుసటి ఆదివారం పదిహేడు మంది వచ్చారు. కాలువ ఒక్కో బారే బయటపడుతూ ఒక అరుగు దగ్గర ఆగిపోయింది. అది అప్పలసూరి ఇంటి అరుగే. కూతురి పెళ్లికి ఆకుపచ్చ టైల్సు పరిచి ముచ్చటగా కట్టుకున్నాడు. అందరూ పని ఆపేశారు. పక్కనుంచి తిప్పుకుందామంది మెర్సీ. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఈ వరసలో అరుగులన్నీ నాను కట్టినవే, మెర్సమ్మా. కాలవ నెత్తిన కడతన్నానని తెలీదు. తెలిసినాక ఊరుకుంటే ఎలాగ? నానే తీస్తాను."

సమ్మెట తెచ్చి మొదటి దెబ్బ తనే వేశాడు. అతని భార్య అమ్మడు గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికెళ్లి గంప తెచ్చి, పగిలిన టైల్సు ఎత్తడం మొదలుపెట్టింది. సాయంత్రానికి మరో ముగ్గురు వచ్చి, మా అరుగూ తీసెయ్యి మేస్త్రీ అని అడిగారు. ఆ అడిగినవాళ్లలో, తన అరుగు జోలికి రావద్దని పొద్దున తలుపు వేసుకుని కూర్చున్న పక్కింటి నారాయణమూర్తి కూడా ఉన్నాడు.

కాలువ పొలాల దాకా తవ్వడం పూర్తయ్యాక, జూన్ రెండో వారంలో, మధ్యాహ్నం పూట వాన దంచికొట్టింది. అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఎర్రటి నీళ్లు చీలమండ దాకా పెరిగాయి. అంతలో నీళ్లు మెల్లిగా ఎడమకి తిరిగాయి. ఎవరో పిలిచినట్టు అన్నీ అటే కదిలాయి. రాళ్ల మధ్య హోరుమంటూ పరుగెత్తాయి.

గొడుగుల మాటే మర్చిపోయి జనం వీధిలోకి దిగారు. అప్పలసూరి కాలువ వెంబడే చివరిదాకా వెళ్లి, తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"నీరు సేలో పడతన్నాది" అన్నాడు.

జ్ఞానాంబగారు మెర్సీ భుజం పట్టుకుని నిలబడి ఉంది. వాన ఇంకా కురుస్తూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక, వాన పడుతుండగా వీధి నేలను మెర్సీ చూడటం అదే మొదటిసారి.