బిక్షమ్మ పక్కన సద్దిగిన్నె

చేతులెత్తమంటే బిక్షమ్మకే ఎక్కువ లేచాయి. ఊరంతా చూసింది. జిల్లా నుంచి వచ్చిన పార్టీ నాయకుడు మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, "చేతులు సరిగ్గ లెక్కకు రాలె. పైన సర్వే చేసిన్రు. సర్పంచ్‌కు మన అభ్యర్థి గ్రేస్," అన్నాడు.

గ్రేస్ ఈ పదవి కావాలని ఎవరినీ అడగలేదు. భర్త విజేందర్ కాంట్రాక్టర్ రఘుపతి ట్రాక్టర్ నడుపుతాడు, వాళ్లుండే రేకుల గది రఘుపతి జాగాలోది. సర్పంచ్ పదవి ఎస్సీ ఆడవాళ్లకు రిజర్వయిందని తెలిసిన రోజే రఘుపతి గడపలోకొచ్చి, "నువ్వు సంతకం పెట్టుడే పని. మిగతాది నేన్ చూసుకుంట," అన్నాడు. కుర్చీ ఆమెకట, పెత్తనం ఆయనకట. ఈ పచ్చి మోసానికి ప్రజాస్వామ్యమని పేరు.

వెనక నుంచి పార్టీ పాత కార్యకర్త, ముసలి పెద్దులు లేచాడు. "అభ్యర్థిని కార్యకర్తలే ఎన్నుకోవాలన్నది మీరే గద సారూ? మరి మా చేతులెటు పోయినయ్?"

"లెక్క రాలేదంటే మా పత్తిచేను లెక్కనే తేల్చుదాం," అంది బిక్షమ్మ.

పత్తి ఏరే ఆడవాళ్లు తమ ముఠాపెద్దను అట్లాగే ఎంచుకుంటారు. ఎవరి పక్కన ఎక్కువ సద్దిగిన్నెలు, అంటే చేనుకు అన్నం తెచ్చుకునే గిన్నెలు, చేరితే కూలి రేటు మాట్లాడేది ఆమె. చేను నుంచి నేరుగా వచ్చారు కాబట్టి గిన్నెలు చేతుల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కరే లేచి బిక్షమ్మ పక్కన పెట్టారు. గిన్నెల్లేని మగవాళ్లు తువ్వాలలు పరిచారు. గ్రేస్ ముందు ఆమె గిన్నె, తలదించుకున్న విజేందర్ తువ్వాల, రఘుపతి మనుషులవి రెండు మూడు.

గ్రేస్ తన గిన్నె చేతిలోకి తీసుకుంది.

"ఇల్లు యాదికుంచుకో," అన్నాడు నాయకుడి పక్కనే కూర్చున్న రఘుపతి.

అయినా గ్రేస్ ఆగలేదు. "నీ జాగల ఉంటున్నం పటేలా, నిజమే. దానికి మా ఆయిన చాకిరి చేస్తుండు. నా నోరు గూడ కిరాయికియ్యలె."

వెళ్లి బిక్షమ్మ పక్కన గిన్నె పెట్టింది. కాసేపటికి విజేందర్ తువ్వాల భుజాన వేసుకుని ఆమె వెనకే వచ్చాడు.

"పార్టీ నిర్ణయమే ఆఖరు," అని నాయకుడు కారెక్కాడు. పెద్దులు మెడలోని పార్టీ కండువా తీసి ఆ కారు మీదే పరిచాడు.

బిక్షమ్మతో నామినేషన్ వేయించడానికి అందరూ బయలుదేరారు. దారిలోనే రేకుల గది. అప్పటికే తాళం పడింది. వంట గంజులు, చాపలు, దేవుని పటం రోడ్డు మీద పడి ఉన్నాయి. గ్రేస్‌కు ఏడుపొచ్చింది, ఏడ్చింది. బిక్షమ్మ నీళ్ల బిందె నెత్తికెత్తుకుంది. తలా ఒకటి అందుకున్నారు. సామాను నెత్తిన పెట్టుకుని, "మా మనిషిని మేమే ఎన్నుకుంటం" అని అరుస్తూ ఆఫీసు దాకా నడిచారు.

గేటు దగ్గర కానిస్టేబుల్ అడ్డొచ్చాడు. "ఏందమ్మా, సంసారమంతా తెచ్చిన్రు?"

"ఇల్లు గుంజుకున్నరు సార్. సంతకం పెట్టనీకి వచ్చిన," అంది గ్రేస్.

లోపల బిక్షమ్మ పేరును ప్రతిపాదించేవారెవరని అధికారి అడిగాడు. గ్రేస్ నెత్తి మీది గంజు దించి, కొంగుతో చేతులు తుడుచుకుని పెన్ను తీసుకుంది. రఘుపతి అడిగిన సంతకమే పెట్టింది, బిక్షమ్మ పేరు కింద.